పంచుకోని భూమి, ఏళ్ల తరబడి కబ్జా: ఏ దారి ఎవరికి నప్పుతుంది?

ఉమ్మడి వరంగల్ జిల్లా పల్లెల్లో తోడబుట్టినవాళ్ల మధ్య భూమి తగాదా మొదలయ్యే తీరు చాలా ఇళ్లలో ఒకేలా ఉంటుంది. పట్టా తండ్రి పేరున ఉంటుంది. ఒక కొడుకు ఊళ్లోనే ఉండి దున్నుకుంటాడు, ఇంకొకడు బతుకుదెరువుకు భివండికో సూరత్‌కో వెళ్లిపోతాడు, ఆడబిడ్డ పెళ్లయి అత్తగారింటికి చేరుతుంది. ఇరవై, ముప్పై ఏళ్ల పాటు ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఆ తరవాత ఒక రోజు రైతు భరోసా (మునుపటి రైతుబంధు) డబ్బు ఒక్కరి ఖాతాలోనే పడుతోందని తెలుస్తుంది, లేదా మంచిర్యాల నుంచి వరంగల్ మీదుగా ఖమ్మం వెళ్లే కొత్త రహదారికి భూసేకరణ నోటీసు వస్తుంది, లేదా పక్క సర్వే నంబరులో వెంచర్ పడి చెల్క (మెట్ట) భూమికి కూడా గజాల లెక్కన ధర పలుకుతుంది. పంపకాల మాట అప్పుడు లేస్తుంది.

ఆ మాట లేచిన ఇంటివాళ్ల ముందు ఉండే దారులు ఐదు. పెద్దమనుషుల సమక్షంలో ఒప్పందానికి వచ్చి పంపకం రిజిస్టర్ చేయించుకోవచ్చు. తహసీల్దారు కార్యాలయంలో రికార్డు సరిచేయమని అడగవచ్చు. లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. ఇవేవీ వద్దనుకుంటే తన పాలు, అంటే వాటా, అమ్ముకుని బయటపడవచ్చు. వీటిలో ఏది మంచిదని చాలామంది నేరుగా అడుగుతారు కానీ, దానికంటే ముందు తేలవలసిన ప్రశ్న ఒకటుంది: ఇప్పుడు భూమిలో ఉన్న మనిషి మొదట దానిలోకి ఏ హోదాలో అడుగు పెట్టాడు? వాటాదారుగానా, కౌలుదారుగానా, కొనుగోలుదారుగానా, ఏ హక్కూ లేకుండానా? ఈ సంగతి తేలకుండా ఎన్నుకున్న దారి సగం దూరం వెళ్లాక వెనక్కి తిరగవలసి వస్తుంది.

లెక్క సులువుగా అర్థం కావడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. నర్సంపేట దగ్గరి ఒక ఊళ్లో 6 ఎకరాల 16 గుంటల భూమి ఉంది, అంటే 256 గుంటలు. తండ్రి వీలునామా రాయకుండా 2009లో చనిపోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. 1996 నుంచి పెద్ద కొడుకే సేద్యం చేస్తున్నాడు, 2017లో జరిగిన భూ రికార్డుల ప్రక్షాళన సమయంలో విరాసత్ (చనిపోయినవారి పట్టాను వారసుల పేరున మార్చడం) మొత్తం తన ఒక్కడి పేరునే చేయించుకున్నాడు. చిన్నవాడు సూరత్‌లో ఉంటాడు, చెల్లెలు పరకాలలో ఉంటుంది.

ఆ భూమి తండ్రి స్వార్జితమైతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం తల్లికి, ముగ్గురు పిల్లలకు సమానంగా తలా 64 గుంటలు వస్తాయి. అదే తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే లెక్క మారుతుంది. ముందుగా తండ్రికి, ఇద్దరు కొడుకులకు, కూతురికి తలా 64 గుంటల వాటా ఉన్నట్లు భావించి, తండ్రి వాటాగా వచ్చిన 64 గుంటలను తల్లితో కలిపి నలుగురికి తలా 16 గుంటలుగా పంచుతారు. పిల్లలు ముగ్గురికీ 80 గుంటల చొప్పున, తల్లికి 16 గుంటలు మిగులుతాయి. దక్షిణాదిలో పాటించే పద్ధతిలో ఉమ్మడి ఆస్తి పంపకంలో తల్లికి విడిగా పాలు కట్టరు కాబట్టి ఈ తేడా వస్తుంది. స్వార్జితమా, పిత్రార్జితమా అన్న ఒక్క మాట మీద తల్లి వాటా నాలుగో వంతుకు పడిపోతుందంటే, 1954-55 ఖాస్రా పహాణీ (భూమి ఎవరిది, ఎవరి సాగులో ఉందన్నది రాసిన పాత రెవెన్యూ రికార్డు) నకలు తీసి ఆ సర్వే నంబరు అప్పట్లో ఎవరి పేరున ఉందో చూడడం ఎందుకు మొదటి పని కావాలో తెలుస్తుంది.

కూతురి వాటా గురించి ఇంకా కొందరికి అనుమానాలున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే, ఆ తేదీ నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణతో పెళ్లయిందా లేదా అన్న తేడా కూడా పోయింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందని, సవరణ తేదీ నాటికి తండ్రి బతికి ఉండవలసిన అవసరం లేదని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రం ద్వారా గానీ కోర్టు డిక్రీ ద్వారా గానీ పంపకం పూర్తయి ఉంటే మాత్రం దాన్ని తిరగదోడడానికి వీల్లేదు. "పెండ్లిల పెట్టిన కట్నమే నీ పాలు, చెల్లె" అనే అన్న మాటకు కుటుంబంలో బలం ఉండవచ్చు కానీ చట్టంలో లేదు. కట్నం తీసుకున్నంత మాత్రాన భూమి మీది హక్కు పోదు. ఆమె తన హక్కు వదులుకోవాలంటే అందుకు రిజిస్టరు పత్రం కావాలి. ఇంటి విషయంలోనూ అంతే. తండ్రి ఇంట్లో మగపిల్లలు పంచుకునేదాకా ఆడపిల్ల పంపకం అడగకూడదన్న పాత నిబంధనను 2005 సవరణ తొలగించింది.

ఈ లెక్కంతా హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాలకే. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల వారసత్వ నియమాలు వేరు. షెడ్యూల్డ్ తెగలకు కూడా ఈ చట్టం నేరుగా వర్తించదు. ఏటూరునాగారం, తాడ్వాయి వంటి ఏజెన్సీ (గిరిజన ప్రాంత) మండలాల్లో 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ అదనంగా అడ్డు నిలుస్తాయి. గిరిజనేతరుడికి జరిగిన భూబదలాయింపే అక్కడ చెల్లదు కాబట్టి, ఎన్నేళ్లు సాగు చేశామన్న వాదన అక్కడ పెద్దగా పనికిరాదు.

పన్నెండేళ్ల మాట

పెద్దకొడుకు తరఫు వాళ్లు సాధారణంగా మొదట అనే మాట, "పన్నెండేండ్లు దాటింది, ఇగ ఎవ్వరికీ హక్కు లేదు" అని. 1963 నాటి కాలపరిమితి చట్టంలో 65వ ఆర్టికల్, 27వ సెక్షన్ కలిపి చదివితే ఈ మాటలో సగం నిజం ఉంది. హక్కుదారు కాని వ్యక్తి ఆ హక్కును కాదంటూ, బాహాటంగా, ఎవరి అనుమతీ లేకుండా, ఆటంకం లేకుండా 12 ఏళ్లు భూమిని తన వశంలో ఉంచుకుంటే, అసలు హక్కుదారు దావా వేసే గడువుతో పాటు అతని హక్కే పోతుంది. వకీళ్లు దీన్ని ప్రతికూల స్వాధీనం అంటారు. ప్రభుత్వ భూమి మీద అయితే ఈ గడువు 30 ఏళ్లు. 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఇలా హక్కు సంపాదించుకున్న వ్యక్తి ప్రతివాదిగా తనను కాపాడుకోవడమే కాదు, వాదిగా దావా కూడా వేయవచ్చని చెప్పింది. 2023లో లా కమిషన్ తన 280వ నివేదికలో ఈ నియమాన్ని మార్చవలసిన అవసరం లేదని సిఫారసు చేసింది. కాబట్టి ఈ సూత్రం బతికే ఉంది.

అయితే వాటాదారుల మధ్య ఈ సూత్రం అంత తేలికగా పనిచేయదు. ఉమ్మడి భూమిలో ఒక వాటాదారు ఉన్నాడంటే, అందరి తరఫున ఉన్నాడనే చట్టం భావిస్తుంది. 1956లో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టంగా చెప్పింది, నేటికీ కోర్టులు దాన్నే అనుసరిస్తున్నాయి. ఒక్కడే దున్నడం, ఒక్కడే శిస్తు కట్టడం, పంటంతా ఒక్కడే తినడం, చివరికి పహాణీలో ఒక్కడి పేరే ఉండడం కూడా వాటంతటవి చాలవు. మిగతా వాటాదారుల హక్కును తాను ఒప్పుకోవడం లేదని, వాళ్లకు తెలిసేలా బాహాటంగా ప్రకటించి, వాళ్లను బయటకు నెట్టిన తేదీ ఒకటి రుజువు కావాలి. 12 ఏళ్లు ఆ తేదీ నుంచి లెక్క. ఉమ్మడి కుటుంబ ఆస్తి నుంచి తనను తప్పించారని తెలిసిన నాటి నుంచి 12 ఏళ్లలోగా దావా వేయాలని 110వ ఆర్టికల్ చెప్పేది కూడా ఇదే ఆలోచనతోనే.

మన కుటుంబంలో పెద్దకొడుకు 1996 నుంచి దున్నుతున్న 13 ఏళ్లూ తండ్రి బతికే ఉన్నాడు, తండ్రి అనుమతితోనే దున్నాడు. ఆ కాలాన్ని లెక్కలోకి తెచ్చే వీలు దాదాపు లేదు. 2009 తరవాత కూడా అన్న మౌనంగా సాగు చేసుకుంటూ, దసరాకు చెల్లెలు వచ్చినప్పుడు నాలుగు బస్తాల వడ్లు ఇచ్చి పంపుతుంటే, అది ఆమె హక్కును ఒప్పుకున్నట్లే తప్ప కాదన్నట్లు కాదు. 2017లో విరాసత్ మొత్తం తన పేరున చేయించుకోవడం ఒక సంకేతం మాత్రమే. ఆ సంగతి చెల్లెలికి ఎప్పుడు తెలిసిందన్నదే అసలు ప్రశ్న. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడే తెలిసిందా, లేక నిరుడు తెలిసిందా?

కబ్జాలో ఉన్నవాళ్లు చేసే పొరపాటు ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. "నాన్న నా పాలు నాకు ఎప్పుడో పంచి ఇచ్చిండు" అని ఒక పేరాలో, "నేను 12 ఏళ్లకు మించి ప్రతికూల స్వాధీనంలో ఉన్నాను" అని ఇంకో పేరాలో రాయిస్తారు. మొదటిది తానే యజమానినని చెప్పడం, రెండోది యజమాని వేరే ఉన్నారని ఒప్పుకుని వాళ్ల హక్కు పోయిందనడం. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అన్నదమ్ముల మధ్య అయితే నోటి పంపకం వాదనే పెద్దకొడుక్కి నప్పేది, అది నిజంగా జరిగి ఉంటేనే: వేరువేరు బై నంబర్లు (సర్వే నంబరులోని ఉపవిభాగాలు), వేరువేరు పంట రుణాలు, వేరువేరు బోరు కనెక్షన్లు, తమ్ముడు తన పాలును విడిగా ఎవరికైనా కౌలుకు ఇచ్చిన ఆధారం వంటివి దాన్ని నిలబెడతాయి. చెల్లెలి విషయంలో ఈ వాదన కూడా బలహీనమే. నోటి పంపకాన్ని చూపించి కూతురి హక్కును తోసిపుచ్చడానికి సాధారణంగా వీలు లేదని, ప్రభుత్వ పత్రాల ఆధారంతో తిరుగులేకుండా రుజువైన అరుదైన సందర్భాల్లోనే దాన్ని ఒప్పుకోవచ్చని వినీతా శర్మ తీర్పు చెప్పింది.

వాటాదారు కాని మనిషి భూమిలో ఉంటే లెక్క వేరు. కౌలుదారు, కావలి ఉన్నవాడు, తనఖా పెట్టుకున్నవాడు అనుమతితో వచ్చినవాళ్లు కాబట్టి ఎంతకాలం ఉన్నా, ఎదురు తిరిగిన తేదీ దాకా లెక్క మొదలు కాదు. కానీ పెద్దకొడుకు మొత్తం భూమి తనదేనని చెప్పి బయటి వ్యక్తికి రిజిస్టరు చేసి, ఆ కొన్నవాడు కంచె వేసుకుని కూర్చుంటే, ఆ రోజు నుంచి 12 ఏళ్ల లెక్క మొదలైందని కోర్టు అనే ప్రమాదం నిజంగానే ఉంది. సూరత్‌లో ఉన్న తమ్ముడికి నా సలహా ఇక్కడ ఒక్కటే: అన్న దున్నుకుంటే భయపడకండి, అన్న అమ్మితే ఆలస్యం చేయకండి. ఏడాదికొకసారి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే పత్రం) తీసి చూసుకోవడానికి అయ్యే ఖర్చు రైలు టికెట్టు కంటే తక్కువ.

ఒప్పందం, రెవెన్యూ కార్యాలయం, లోక్ అదాలత్

అందరూ కూర్చుని మాట్లాడుకోగలిగిన ఇంటికి రిజిస్టరు పంపకాన్ని మించినది లేదు. అమ్మకం దస్తావేజుతో పోలిస్తే కుటుంబ సభ్యుల మధ్య పంపకానికి స్టాంపు ఖర్చు చాలా తక్కువ. 2020 అక్టోబరు 29 నుంచి సాగుభూమి రిజిస్ట్రేషన్ తహసీల్దారు దగ్గర, ఇళ్లు, ప్లాట్ల రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రారు దగ్గర జరుగుతోంది కాబట్టి, ఊళ్లో భూమి, హన్మకొండలో ఇల్లు రెండూ ఉన్న కుటుంబం రెండు పత్రాలు, రెండు కార్యాలయాలు అనుకుని సిద్ధపడాలి. పొలం అన్నకు, ఇల్లు తమ్ముడికి అని మాట్లాడుకున్నప్పుడు ఒక పత్రం ఈ వారం, ఇంకోటి దసరా తరవాత అని వాయిదా వేయవద్దు. మొదటి సంతకం అయ్యాక రెండోది వాయిదాలు పడడమే పల్లె పంచాయతీల్లో ఎక్కువగా జరిగేది.

తెల్లకాగితం మీద రాసుకున్న పంపకం సంగతి కొంచెం లోతైనది. ముందే నోటిమాటగా జరిగిపోయిన కుటుంబ ఏర్పాటును గుర్తుగా రాసుకున్న కాగితం రిజిస్టరు కాకపోయినా చెల్లుతుందని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితంతోనే హక్కులు మారుతుంటే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రెండింటి మధ్య తేడా కాగితంలోని క్రియాపదాల్లో ఉంటుంది: "ఫలానా రోజు పంచుకున్నాము" అని ఉంటే ఒక లెక్క, "నేటి నుంచి పంచుకుంటున్నాము" అని ఉంటే ఇంకో లెక్క. పెద్దమనుషులు రాసే కాగితాల్లో ఎక్కువగా రెండో రకమే కనిపిస్తుంది. అన్నదమ్ముల్లో ఒకరు తన పాలును ఇంకొకరికి అమ్మి సాదాబైనామా (తెల్లకాగితం మీది అమ్మకం పత్రం) రాసి ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. వాటి క్రమబద్ధీకరణ 2014 జూన్ 2కు ముందు రాసుకుని, 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 లోగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకే. ఆ దరఖాస్తు రసీదు లేనివాళ్లు దాని మీద ఆశ పెట్టుకోకుండా, అమ్మిన తోబుట్టువు బతికి ఉండగానే రిజిస్టరు చేయించుకోవడం మేలు.

రెవెన్యూ కార్యాలయం దారి తక్కువ ఖర్చుది, అందుకే ఎక్కువమంది మొదట అటే వెళ్తారు. 2025 ఏప్రిల్ 14న కొత్త భూ రికార్డుల వ్యవస్థ భూభారతి ప్రారంభమయ్యాక విరాసత్ చేసేటప్పుడు వారసులకు నోటీసులిచ్చి విచారణ జరపడం, తహసీల్దారు ఉత్తర్వు మీద పైకి అప్పీలు చేసుకోవడం చట్టంలోకి వచ్చాయి. తండ్రి ఇటీవలే చనిపోయి, వారసుల్లో తగాదా లేకపోతే ఈ దారి చాలు, ఇంకోటి అనవసరం. వారసుల్లో ఒకరి పేరు పొరపాటున తప్పిపోయి, మిగతావాళ్లు దాన్ని ఒప్పుకుంటున్నా ఇదే సరిపోతుంది. కానీ ఎవరి వాటా ఎంత, వీలునామా నిజమా కాదా అనే చోటికి మాట వస్తే తహసీల్దారు తీర్పు చెప్పలేడు. పాసుపుస్తకంలో పేరు ఎక్కడం హక్కును పుట్టించదు, తొలగించడం హక్కును చంపదు అన్న మాటను సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఈ కార్యాలయంలో మూడేళ్లు తిరిగి, ఆ తిరుగుడునే పోరాటంగా భావించుకుని కోర్టు గడువును పోగొట్టుకున్నవాళ్ల కోసం ఈ పేరా రాస్తున్నాను. అలాగే పోలీస్ స్టేషన్లో జరిగే పంచాయతీ కూడా ఒక రాజీ ప్రయత్నమే తప్ప ఉత్తర్వు కాదు.

లోక్ అదాలత్ ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు, దావా వేయకముందే, దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. దావా నడుస్తుండగా లోక్ అదాలత్‌లో రాజీపడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఆడవాళ్లకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం కూడా ఇదే చట్టం కింద దొరుకుతుంది. పరకాలలోని చెల్లెలు వకీలు ఫీజుకు భయపడి ఆగిపోనవసరం లేదు. దీని బలహీనత కూడా స్పష్టమే: అన్న నోటీసు అందుకుని రాకపోతే, వచ్చినా ఒప్పుకోకపోతే, లోక్ అదాలత్ చేయగలిగింది ఏమీ లేదు. అందుకే మాటలు మిగిలి ఉండి నమ్మకం మాత్రమే పోయిన కుటుంబానికి ఇది నప్పుతుంది, మాటలు కూడా పోయిన కుటుంబానికి కాదు. పెద్దమనుషుల ఒప్పందంతో పోలిస్తే నేను దీన్నే ఎక్కువగా ఇష్టపడతాను, ఎందుకంటే ఇక్కడ పుట్టిన కాగితాన్ని రేపు ఎవరూ "నేను అలా అనలేదు" అని కొట్టిపారేయలేరు.

దావా వేయవలసి వస్తే

ఏ దావా వేయాలన్నది వకీలు చూసుకుంటాడులే అని వదిలేయకండి, ఇక్కడి ఎంపికలోనే చాలా కేసులు గెలవడం, ఓడడం ఉంటుంది. వాటా హక్కు మీద తగాదా ఉంటే పంపకం దావా. భూమిలో ఉన్న వ్యక్తి వాటాదారే కాకపోతే హక్కు ప్రకటన (హక్కు తనదేనని కోర్టు చేత చెప్పించుకోవడం), స్వాధీనం కోరే దావా. తానే భూమిలో ఉండి, హక్కు మీద మచ్చ లేకుండా, ఎదుటివాడు ఊరికే అడ్డుపడుతుంటే అతన్ని ఆపమని కోరే ఇంజంక్షన్ దావా. ఖర్చు తక్కువని హక్కు ప్రకటన అడగకుండా వట్టి ఇంజంక్షన్ మాత్రమే అడిగి నష్టపోయినవాళ్లున్నారు. వరంగల్ మట్టెవాడలోని రెండు చిన్న ఇంటిస్థలాల మీద నడిచిన కేసు దీనికి దేశమంతటా ఉదాహరణగా నిలిచింది. ఒక అన్న తన చెల్లెలికి పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చాడని చెప్పిన స్థలం అది. ఆమె దగ్గర 1968లో కొన్నవాళ్లు ఒకవైపు, అదే స్థలాన్ని అన్న దగ్గర 1977లో కొన్నవాళ్లు ఇంకోవైపు నిలిచారు. 2008 మార్చి 25న సుప్రీంకోర్టు, హక్కు మీద ఇంత చిక్కు ఉన్నప్పుడు వట్టి ఇంజంక్షన్ దావా తగదని, హక్కు ప్రకటన కోరి ఉండవలసిందని తేల్చింది. 1968 నాటి కొనుగోలుకు 2008లో దొరికిన జవాబు అది. ఆడబిడ్డకు నోటిమాటగా భూమి ఇచ్చిన ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. దానం రిజిస్టరు పత్రంతోనే జరగాలన్న నియమాన్ని గుర్తుపెట్టుకుని, ఇచ్చినవాళ్లు బతికి ఉండగానే ఆ పత్రం రాయించుకోవాలి.

పంపకం దావాలో కోర్టు ఫీజు కూడా స్వాధీనం మీదే ఆధారపడుతుంది. వాది ఉమ్మడి స్వాధీనంలో ఉన్నట్లయితే నామమాత్రపు నిర్ణీత ఫీజు సరిపోతుంది. స్వాధీనం నుంచి తప్పించబడిన వ్యక్తి తన వాటా మార్కెట్ విలువలో నాలుగింట మూడు వంతుల మీద ఫీజు కట్టాలి. "నన్ను భూమి దగ్గరికి రానివ్వడం లేదు" అని కోపంలో దావాలో రాయించిన ఒక్క వాక్యం ఫీజును పెంచడమే కాదు, అన్నకు 12 ఏళ్ల లెక్కకు ఒక తేదీని కూడా చేతికి ఇస్తుంది. అబద్ధం రాయమని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్లే, అంతకు మించకుండా రాయించాలని చెబుతున్నాను.

దావాలో ఉమ్మడి ఆస్తులన్నీ, వాటాదారులందరూ ఉండాలి. హన్మకొండ ఇంటిని వదిలేసి పొలం మాత్రమే అడిగితే, చనిపోయిన మేనత్త పిల్లలను చేర్చకపోతే, ఆ లోపం ఐదో ఏట బయటపడి కేసు మొదటికి వస్తుంది. దావా నడుస్తుండగా అన్న భూమిని అమ్మితే కొన్నవాడు కూడా కోర్టు తీర్పుకు కట్టుబడి ఉండాల్సిందే. కానీ దావా వేసినంత మాత్రాన రిజిస్ట్రేషన్ దానంతటది ఆగదు. మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకుని దాని నకలు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఇవ్వాలి.

పంపకం దావాలో ముందు వచ్చేది ప్రాథమిక డిక్రీ. ఎవరి వాటా ఎంతో అది చెబుతుంది, గెట్లు మాత్రం చూపదు. ఆ తరవాత అడ్వకేట్ కమిషనర్ వెళ్లి కొలిచి, తరి (నీటి వసతి ఉన్న భూమి) ఎవరికి, చెల్క ఎవరికి, బావి ఎవరి వైపు అన్నది తేల్చాక తుది డిక్రీ వస్తుంది. ప్రాథమిక డిక్రీ చేతికి రాగానే గెలిచామని ఇంటికి వెళ్లిపోయి, కొలతలు లేకుండానే పదేళ్లు గడిపినవాళ్లు ఉన్నారు. తుది డిక్రీ కోసం దరఖాస్తు పెట్టడానికి కాలపరిమితి లేదు కానీ, ఆ ఆలస్యంలో అన్న తినే పంటకు కూడా పరిమితి లేదు. తుది డిక్రీని అమలు చేయించుకోవడానికి మాత్రం 12 ఏళ్లే గడువు.

పాలు అమ్ముకుని బయటపడే దారి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పంపకం కాని వాటా కొనడానికి వచ్చేవాడు సాధారణంగా ధర తెగ్గోసేవాడే. తండ్రి వారసత్వంగా కలిసి వచ్చిన ఆస్తిలో ఒక వారసుడు తన వాటా అమ్మదలిస్తే, దాన్ని ముందుగా కొనుక్కునే హక్కు మిగతా వారసులకు హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ఇస్తుంది, అది సాగుభూమికి కూడా వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. సూరత్ తమ్ముడు నిజంగా తిరిగి రాదలచుకోకపోతే, బయటివాడికంటే అన్నకే, మార్కెట్ ధరకు కొంచెం తగ్గించి అయినా, రిజిస్టరు విడుదల పత్రం (హక్కు వదులుకునే పత్రం) ద్వారా ఇవ్వడం అతనికి తక్కువ తలనొప్పి. చెల్లెలికి నేను ఈ సలహా ఇవ్వను. మార్కెట్ ధర ఎంతో ఆమెకు చెప్పేవాళ్లు ఆ ఊళ్లో సాధారణంగా అన్న పక్షం వాళ్లే అయి ఉంటారు.

ఏ దారి పట్టినా వకీలు దగ్గరికి వెళ్లేముందు ఒక సంచిలో ఉండవలసినవి ఇవి: తండ్రి, తాత మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఖాస్రా పహాణీతో మొదలుపెట్టి దొరికినన్ని ఏళ్ల పహాణీ నకళ్లు, 1బి (పట్టాదారు వారీ భూముల రికార్డు), ఈసీ, పాత పాసుపుస్తకం. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016 అక్టోబరులో ఉమ్మడి జిల్లా ముక్కలైంది, 2021లో రెండు జిల్లాల పేర్లు మారాయి. కాబట్టి పాత నకలు అడిగేటప్పుడు ఇప్పటి మండలం పేరుతో పాటు అప్పటి తాలూకా పేరు కూడా రాసి ఇస్తే వెతికేవాళ్లకు దొరుకుతుంది. ఆ నకళ్లలో అనుభవదారు (భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే) కాలమ్ ఉన్న చివరి ఏడాది ఏదో చూసి, దానికి ఎదురుగా ఎవరి పేరుందో రాసుకోండి. వకీలు మొదట అడిగేది అదే.